ఏ పేస్టు కొనమంటారు డాక్టర్ గారూ?

ఈసారి మీ దగ్గర్నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పేస్టు చుట్టూనే తిరిగాయి, అందుకని పన్ను పీకడం, క్లిప్పులు, కట్టుడు పళ్ళు లాంటివన్నీ పక్కన పెట్టి ఈ నెల అంతా పేస్టు మీదే కూర్చుందాం.

ప్రశ్న: మా వీధి చివర షాపులో 20 రూపాయల పేస్టు నుంచి 250 రూపాయల పేస్టు దాకా పెట్టారు. ఒకదాంట్లో ఉప్పు ఉందంటారు, ఒకదాంట్లో లవంగం అంటారు, ఇంకోదాంట్లో వేప. ఏది మంచిదో తెలీక ఏదోకటి పట్టుకొచ్చేస్తున్నాను. మీరొక్క పేరు చెప్పండి, అదే కొంటాం. – గృహిణి, బొబ్బిలి

పేరు చెప్పనమ్మా. చెప్తే వచ్చే నెలకి అదే కంపెనీ ఇంకో నాలుగు రకాలు దించుతుంది, మళ్ళీ మీరు ఇదే ప్రశ్న పంపాలి. షాపులో నిలబడి మీరే తేల్చుకునే దారి చెప్తాను, అది ఏ కంపెనీకైనా పనికొస్తుంది. అట్టపెట్టె ముందు వైపు మెరుపులు, తెల్లకోటు వేసుకున్న మోడల్ బొమ్మ, అవన్నీ వదిలేసి వెనక్కి తిప్పండి, చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి, కనపడకపోతే ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. అక్కడ చూడాల్సినవి రెండే, ఫ్లోరైడ్ ఎంత పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు) ఉంది, ఎక్స్‌పైరీ ఎప్పుడు.

ఫ్లోరైడ్ ఎందుకంటే, మనం ఏదైనా తిన్నాక ముఖ్యంగా తీపి తిన్నాక నోట్లో ఉన్న బాక్టీరియా దాన్ని ఆసిడ్ చేస్తాయి, ఆ ఆసిడ్ పంటి పైపొర అంటే ఎనామిల్ లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ లాగేస్తుంది, తర్వాత లాలాజలం మెల్లగా వాటిని తిరిగి ఎక్కిస్తుంది. రోజూ ఈ తీసేయడం పెట్టడం జరుగుతూనే ఉంటుంది, తీసేయడం ఎక్కువైన రోజున పుచ్చు మొదలవుతుంది. ఫ్లోరైడ్ ఆ తిరిగి ఎక్కే పనిని పెంచుతుంది, అలా ఎక్కిన పొర ఆసిడ్‌కి ముందుకంటే గట్టిగా నిలబడుతుంది కూడా. పుచ్చు ఆపడంలో ఇంత గట్టి రుజువులున్న సరుకు పేస్టులో మరోటి లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టుని అత్యావశ్యక మందుల జాబితాలోనే చేర్చేసింది. మన దేశం రూలు ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు, ఎంత ఉందో ట్యూబు మీదా అట్ట మీదా రాయాలి కూడా. కాబట్టి పెద్దవాళ్ళకి ఆ 1000 దగ్గర్లో ఉన్నది తీసుకోండి చాలు. పదార్థాల్లో సోడియం ఫ్లోరైడ్ అని గానీ సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అని గానీ రాసుంటుంది. సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్ ఉన్న పేస్టుల్లో రెండోది వాడతారు, ఎందుకంటే మామూలు సోడియం ఫ్లోరైడ్ ఆ కాల్షియంతో కలిసిపోయి పంటికి పనికిరాకుండా పోతుంది. రెండూ పని చేస్తాయి, ఏది ఉన్నా పర్లేదు.

మరి ఉప్పు, లవంగం, వేప? రుచికి, వాసనకి, నోరు ఫ్రెష్‌గా అనిపించడానికి బాగుంటాయి, నాకు వాటి మీద కోపం ఏం లేదు, కానీ ఫ్లోరైడ్ లేకుండా అవి మాత్రమే ఉంటే పుచ్చు సంగతి పేస్టు చూసుకోదు. హెర్బల్ అని రాసిన వాటిల్లో చాలా వాటికి ఫ్లోరైడ్ ఉండదు, కొన్నిటికి ఉంటుంది, అందుకే వెనకవైపు చదవమనేది. ధర సంగతంటారా, 20 రూపాయల చిన్న ట్యూబులో ఫ్లోరైడ్ సరిగ్గా ఉంటే 250 రూపాయల దాని కంటే మీ పంటికి అదేం తక్కువ చెయ్యదు.

ఒక్క మాట, సంతలో గుడ్డ పరిచి సగం ధరకి అమ్మేవి కొనకండి, పేరులో ఒక్క అక్షరం మార్చి అచ్చం అసలు దానిలాగే అట్ట కొట్టిస్తారు. ఇంకా, ఊరికే నోరు పూసే అలవాటున్నవాళ్ళు నురగ తెప్పించే సోడియం లారైల్ సల్ఫేట్ లేని పేస్టు కొన్నాళ్ళు వాడి చూడండి, కొందరికి తగ్గుతుంది, అందరికీ కాదు.

ప్రశ్న: ట్యూబు కింద ఆకుపచ్చ గీత ఉంటే మూలికలు, నల్ల గీత ఉంటే మొత్తం కెమికల్ అని ఫ్యామిలీ గ్రూపులో మా బావ పెట్టారు. నిజమేనా? – నర్సన్నపేట

కాదు. ట్యూబు ఎక్కడ కోయాలో ఎక్కడ అతికించాలో ఫ్యాక్టరీ మిషన్‌లో ఉన్న సెన్సార్‌కి తెలియడానికి పెట్టే గుర్తు అది, ట్యూబు రంగుని బట్టి ఏ రంగు బాగా కనపడితే ఆ రంగు వేస్తారు. లోపల ఉన్న పేస్టుకీ దానికీ సంబంధం లేదు. మీ బావగారిని ఏమనకండి, పాపం ఆయనకీ ఎవరో పంపుంటారు.

ప్రశ్న: మా బాబుకి నాలుగో ఏడు నడుస్తోంది. బబుల్‌గమ్ వాసనొచ్చే పిల్లల పేస్టు కొన్నాం, ఉమ్మకుండా మింగేస్తున్నాడు, ఒక్కోసారి ట్యూబు నోట్లో పెట్టుకుని పీల్చేస్తున్నాడు. వాళ్ళ మామ్మేమో ఫ్లోరైడ్ విషం, నల్గొండలో కాళ్ళు వంకరపోయినవాళ్ళని టీవీలో చూళ్ళేదా అని గొడవ. భయంగా ఉంది. – ఒక తల్లి, విజయనగరం

మామ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకల్ని పళ్ళని ఎలా పాడు చేస్తాయో 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా పల్లెల్లో డాక్టర్లు చూసి రాశారు. కాకపోతే అక్కడ జరిగింది వేరు, బోరు నీళ్ళు పుట్టినప్పట్నుంచీ లీటర్ల కొద్దీ తాగడం. లెక్క చూడండి. 1000 పీపీఎం పేస్టు అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము ఉంటుంది, మొత్తం మింగేసినా పావు మిల్లీగ్రాము. అదే లీటరుకి 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు రోజూ 2 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు, అదీ ఏళ్ళ తరబడి. అందుకే తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశంలో హద్దు పెట్టారు. మీది బోరు నీళ్ళైతే ఆ నీళ్ళు ఒకసారి టెస్ట్ చేయించుకోండి, పేస్టు కంటే ముందు చూడాల్సింది అదే.

అలాగని మింగనివ్వమనడం లేదు. పెద్ద పళ్ళు దవడ లోపల తయారయ్యే వయసిది, రోజూ ఎక్కువ ఎక్కువ మింగితే తర్వాత వచ్చే పళ్ళ మీద తెల్ల మచ్చలు పడతాయి. దానికి మందు పేస్టు మానేయడం కాదు, తగ్గించి పెట్టడం. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, అంతే. బ్రష్షు పొడుగునా అలలాగా పేస్టు వేయడం యాడ్‌లో బాగుంటుంది గానీ పిల్లలకి కాదు, నిజానికి పెద్దవాళ్ళకీ అంత అక్కర్లేదు. పేస్టు మీరే వెయ్యండి, బ్రష్షు మీరే పట్టుకోండి, ట్యూబు మాత్రం అటక మీద పెట్టండి. ఆ బబుల్‌గమ్ వాసనే మీ వాడి చేత తినిపిస్తోంది, మామూలు పుదీనా పేస్టు కొంచెమే పెట్టి చూడండి, కారం అని వాడే ఉమ్మేస్తాడు. ఎప్పుడైనా ట్యూబులో పెద్ద భాగం లాగించేశాడనుకోండి, కాసిని పాలు పట్టి (పాలలో కాల్షియం ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది) ఆ ట్యూబు చేత్తో పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వేలెడంత నాకేసినందుకు మాత్రం పరిగెత్తక్కర్లేదు.

మీ వాడికి ఆరో ఏడు వచ్చాక ఒకటి గుర్తు పెట్టుకోండి. పాలపళ్ళన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, చిగురు చీల్చుకుని ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని నెత్తి మీద లోతు గాళ్ళుంటాయి, భీమాళి తాండ్ర ముక్క అందులో ఇరుక్కుందంటే సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. తాండ్ర పెట్టొద్దని మన జిల్లాలో ఎవరు చెప్పినా ఎవరూ వినరు, అన్నం తిన్న వెంటనే పెట్టేయండి, రోజంతా చప్పరించనివ్వకండి, రాత్రి బ్రష్షు వెనక దాకా పోనివ్వండి.

ప్రశ్న: డాక్టరుగోరూ, మాది ఉద్దానం. మా నాయనకి కిడ్నీలు పోయినాయి, డయాలసిస్ సేయిస్తన్నాం. ఫ్లోరైడ్ పేస్టు వాడితే ఉన్న కిడ్నీ కూడా పోద్దని ఊల్లో అంతన్నారు, అందుకని బొగ్గుతో తోముతున్నాడు. నోరంతా ఎండిపోయి ఒకటే వాసన. రెండు పల్లు నొప్పి అంతన్నాడు. ఏటి సెయ్యమంతారు? – కవిటి మండలం

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందనే దానికి నీళ్ళన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు, ఇంకా ఒక్క కారణం దగ్గర తేలలేదు. తేలనప్పుడు కనపడిన ప్రతి వస్తువు మీదా అనుమానం వస్తుంది, మీ ఊరివాళ్ళని తప్పు పట్టలేం. పేస్టు విషయంలో మాత్రం ఇలా ఆలోచించండి. ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్‌ని బయటకి పంపేది కిడ్నీలే, కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగకూడదు, ఇది నిజం. పేస్టు తాగేది కాదు కదా, ఉమ్మేసేది, పెద్దాయన ఉమ్మగలడు. బఠాణీ గింజంత వాడి ఉమ్మేస్తే ఒంట్లోకి పోయేది లెక్కలోకి రాదు.

పైగా మీ నాన్నగారికే ఆ పేస్టు అవసరం ఎక్కువ. డయాలసిస్ వాళ్ళకి నీళ్ళు కొలిచి తాగమంటారు, నోరు ఎండిపోతుంది, లాలాజలం లేకపోతే పన్నుని కాపాడేవాడు లేడు, పుచ్చులు త్వరగా వస్తాయి. ఆ వాసన సగం నోటిది, సగం రక్తంలో పేరుకున్న యూరియాది, బొగ్గుతో తోమితే రెండూ పోవు. మెత్తటి బ్రష్షుతో పొద్దున్న, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోమించండి, నాలుక కూడా గీయించండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది చెప్తాను. పన్ను నొప్పి అంటే మనవాళ్ళు చేసేది తెలుసు కదా, మందుల షాపుకెళ్ళి నొప్పి బిళ్ళ అడగడం, లేదా ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత ఒక సూది వేయించుకోవడం. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి నిజంగా చెడు చేస్తాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తెలిసినవాళ్ళే కాదు, టెస్ట్ చేయించుకోని వాళ్ళు కూడా పన్ను నొప్పికి వీటి జోలికి పోకండి. పారాసిటమాల్ చాలావరకు పర్లేదు, అదైనా మీ కిడ్నీ డాక్టర్ని అడిగి ఎంత వేయాలో తెలుసుకుని వేయండి. ఊరంతా పేస్టుని చూసి భయపడుతోంది, ఈ బిళ్ళల్ని చూసి భయపడితే ఎంత బాగుండేది.

ఆ రెండు పళ్ళూ పీకించాల్సి వస్తే డయాలసిస్ అయిన రోజున వద్దు, ఆ రోజు రక్తం గడ్డకట్టకుండా మందు ఎక్కిస్తారు, రక్తం ఆగదు. మామూలుగా మర్నాడు పెట్టుకుంటారు. పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళేటప్పుడు డయాలసిస్ ఫైలు పట్టుకెళ్ళండి, బీపీ కూడా చూపించుకుని వెళ్ళండి.

ప్రశ్న: బొగ్గు పేస్టుతో వారంలో పళ్ళు తెల్లగా అవుతాయని రీల్ చూశాను, ఇంకో రీల్‌లో నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దమన్నారు. డిసెంబర్లో అక్క పెళ్ళి, ఫోటోల్లో పళ్ళు పచ్చగా పడతాయేమోనని టెన్షన్. – డిగ్రీ స్టూడెంట్, శ్రీకాకుళం

మీ అమ్మమ్మ బొగ్గుతో తోముతుంటే నవ్విన మీరే అదే బొగ్గు 300 పెట్టి కొంటున్నారన్నమాట, కంపెనీవాళ్ళ తెలివిని మెచ్చుకోవాలి. బొగ్గు పేస్టు గరుకుగా ఉంటుంది, టీ మరక లాంటివి కొంచెం పోతాయి, అందుకే మొదటి రోజుల్లో తేడా కనిపిస్తుంది. పోనుపోను మరకతో పాటు ఎనామిల్ కూడా అరుగుతుంది. ఎనామిల్ గోరు లాంటిది కాదు, పోతే మళ్ళీ పెరగదు. దాని కింద ఉండే పొర రంగే పసుపు, అంటే తెలుపు కోసం రుద్దిన కొద్దీ పన్ను ఇంకా పచ్చబడుతుంది. వాటిలో చాలా వాటికి ఫ్లోరైడూ ఉండదు. పన్నుకి ఫిల్లింగ్ చేయించుకుని ఉంటే దాని అంచుల్లో నల్ల గీతలాగా బొగ్గు ఇరుక్కుపోతుంది, అది తీయడం మా వల్ల కూడా కష్టమే.

నిమ్మరసం ఇంకా దారుణం. పీహెచ్ 5.5 కిందకి పోతే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసం 2 దగ్గరుంటుంది, కరిగిన దాని మీద మళ్ళీ రుద్దమంటున్నాడు ఆ రీల్ మహానుభావుడు. పెళ్ళికి ముందు ఒకసారి క్లీనింగ్ చేయించుకోండి, చాలామందికి అంతే సరిపోతుంది. వైట్‌నింగ్ అని రాసిన పేస్టులు పైమరక తీస్తాయి, కొన్నిట్లో నీలం రంగు కలుపుతారు, పసుపు మీద నీలం పడి కాసేపు తెల్లగా కనపడుతుంది, సాయంత్రానికి మళ్ళీ మామూలే. పుట్టుకతో కొంచెం పసుపు రంగున్న పళ్ళు జబ్బు కాదమ్మా, గట్టి పళ్ళే.

ప్రశ్న: ఏళ్ళ తరబడి కచ్చిక బూడిద, తర్వాత ఎర్ర పళ్ళపొడి వాడాను. ఇప్పుడు చల్ల నీళ్ళు తాగినా, చోడి అంబలి చల్లగా తాగినా జివ్వుమంటోంది. సెన్సిటివ్ పేస్టు నాలుగు రోజులు వాడినా గుణం లేదు, డబ్బులు దండగ. వేపపుల్లకి మళ్ళనా? – రిటైర్డ్ మాస్టారు, రాజాం

నాలుగు రోజులకి గుణం కనపడదు మాస్టారూ. ఆ పేస్టుల్లో చాలా వాటిలో పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉంటుంది, పన్ను లోపలి నరానికి చేరి జివ్వుమనడాన్ని తగ్గిస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు రోజుకి రెండుసార్లు వాడాలి. మానేస్తే మళ్ళీ మొదలవుతుంది.

అద్దంలో చూసుకుంటూ చిగురు దగ్గర పంటి మెడ మీద గోరు మెల్లగా పై నుంచి కిందకి జార్చండి. గోరు ఒక గాడిలో పడి ఆగిందంటే అక్కడ పన్ను అరిగింది. బూడిద, పళ్ళపొడి వేలితో అడ్డంగా గట్టిగా రుద్దినవాళ్ళకి ఇదే జరుగుతుంది, గట్టి బ్రష్షుతో రంపం కోసినట్టు తోమేవాళ్ళకీ అంతే. గాడి లోతుగా ఉంటే ఫిల్లింగ్ పెట్టించాలి, పేస్టు చాలదు. నొప్పి ఒక్క పన్నులోనే వస్తుంటే మాత్రం సెన్సిటివ్ పేస్టుతో కాలక్షేపం చేయకండి, అది పుచ్చో పగులో అయ్యుంటుంది.

వేపపుల్ల చెడ్డదని అనను, నమిలి కుంచె మెత్తగా అయ్యాక నిదానంగా తోమితే పాచి పోతుంది. కాకపోతే దానికి ఫ్లోరైడ్ లేదు, వెనక పళ్ళ సందుల్లోకి పోదు. పొద్దున్న పుల్ల మీ ఇష్టం, రాత్రి మాత్రం బ్రష్షు, పేస్టు. తోమాక పేస్టు ఉమ్మేసి ఊరుకోండి, చెంబెడు నీళ్ళతో పుక్కిలించి ఉన్న ఫ్లోరైడంతా కడిగేయకండి. మనవాళ్ళకి ఇది అస్సలు మింగుడుపడదు, నోరు కడుక్కోకుండా ఎలా అంటారు, రెండు మూడు రోజులు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ప్రశ్న: మా అత్తగారు అడ్డపొగ తాగుతారు. పళ్ళు నల్లగా అయిపోయాయి, అంగిలి తెల్లగా గరుకుగా ఉందంటారు. నలుపు పోయే పేస్టు ఏదైనా ఉందా? – వజ్రపుకొత్తూరు మండలం

పేస్టు సంగతి తర్వాతమ్మా, ఆ తెలుపు గరుకు ముందు చూపించాలి, ఈ వారంలోనే. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం, ఫిలిప్పీన్స్‌లో, కొలంబియాలో కూడా ఉంది, కానీ దంతవైద్యం పుస్తకాల్లో దీని గురించి చదివితే శ్రీకాకుళం పేరు కనపడుతుంది, మన తీరం ఊళ్ళలో ఆడవాళ్ళకి ఉన్న అలవాటు వల్ల. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి, అక్కడ తెల్ల మచ్చలు, మధ్యలో ఎర్ర చుక్కలు వస్తాయి, కొందరిలో అది కాన్సర్ అవుతుంది. మామూలుగా గట్టి అంగిలికి కాన్సర్ రావడం అరుదు, ఈ అలవాటున్నవాళ్ళలోనే ఎక్కువ చూస్తాం. నొప్పి లేదు కదా అని ఆగకండి, మొదట్లో నొప్పి ఉండదు. టార్చ్ లైట్ వేసి నోరు పెద్దగా తెరిపించి మీరే చూడండి, ఎర్రగా ఉన్న చోటు, మానని పుండు, గట్టిపడిన చోటు ఏదైనా ఉంటే ఇంకా తొందరపడాలి. జిల్లా ఆస్పత్రిలో డెంటల్ ఓపీకి తీసుకెళ్ళండి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తారు, కాన్సర్ వైద్యం ఎన్టీఆర్ వైద్యసేవలో ఉంది, ఖర్చుకి భయపడి ఆగక్కర్లేదు.

మానమంటే ఆవిడ వినరని నాకు తెలుసు, ఇంటిల్లిపాదీ తిడితే ఇంకా వినరు. పొగాకు మానడానికి ఉచిత ఫోన్ లైన్ 1800 11 2356 ఉంది, మీరు చేసి కలిపివ్వండి. పొగ వదిలి పొగాకు నమలడానికో, పొగాకు కలిపిన పళ్ళపొడికో మళ్ళితే లాభం లేదు, పొగాకు కలిపిన పేస్టు, పళ్ళపొడి మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది, అయినా గుడాకు లాంటివి ఒడిశా వైపు నుంచి వస్తూనే ఉంటాయి. నలుపు సంగతంటారా, అది ఏ పేస్టుకీ పోదు, క్లీనింగ్‌లో పోతుంది.

ప్రశ్న: బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. పేస్టు పడలేదని మూడు కంపెనీలు మార్చాను. – ఆటో డ్రైవర్, గజపతినగరం

పేస్టు పడకపోవడం కాదు, చిగురు కింద గార పట్టింది. పాచిని బ్రష్షు తీస్తుంది, గట్టిపడి గారైపోయాక ఏ పేస్టూ తీయలేదు, స్కేలింగ్, అంటే మా దగ్గర చేయించుకునే క్లీనింగ్ ఒక్కటే. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని స్టాండులో ఎవరో చెప్పే ఉంటారు. గార చిగురుని ఎప్పుడో తినేసి ఉంటుంది, దాన్ని తీసేశాక ఆ ఖాళీ బయటపడుతుంది, అంతే. రక్తం వస్తోందని ఆ వైపు తోమడం మానకండి, మెత్తటి బ్రష్షుతో అక్కడే ఇంకాస్త శ్రద్ధగా తోమండి. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, షుగర్ ఉన్నట్టు తెలీనివాళ్ళు చాలామంది ముందు మా దగ్గరకే చిగుళ్ళ రక్తం అని వస్తారు, కాబట్టి స్కేలింగ్‌కి వెళ్ళే ముందు పరగడుపున ఒకసారి షుగర్ చూపించుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి.